రెండో తొట్టి నీళ్లు

పూర్ణిమ దగ్గడం నేర్చుకుంది.

తొమ్మిది నెలల పిల్ల. గదిలో చాపమీద కూర్చుని ఉంటుంది. వరండాలో తండ్రి దగ్గడం ఆలస్యం, తనూ బుగ్గలు బిగించి రెండుసార్లు "కుహూ కుహూ" అని, బాగా దగ్గానా అన్నట్టు అతని వంక చూసి, కింది చిగురుమీది రెండు పళ్లూ కనపడేలా నవ్వుతుంది. నూకరాజు మూడు రోజులుగా ఈ ఆట ఎవరికీ చెప్పకుండా ఆడుతున్నాడు. దగ్గు రాకపోయినా తెచ్చుకుని మరీ దగ్గుతున్నాడు. మనిషి కూతుర్ని ముట్టుకుని ఆరు నెలలు దాటింది. అంత దూరంనుంచి ఆడగలిగిన ఆట అతనికి ఇదొక్కటే దొరికింది.

పొట్టకూటికోసం వలస వచ్చిన హిందీవాళ్ల ఊళ్లో, కార్ఖానాల పక్కనున్న బీర్‌గావ్‌లో, వాళ్లది ఒక గది, ఒక వరండా. గదిలో సాయిలక్ష్మి, పిల్ల. వరండాలో నూకరాజు, అతని మడతమంచం, అతని కంచం, అతని గ్లాసు. పిల్లకి పాకడం రాగానే గుమ్మానికి అడ్డంగా మూరెడెత్తు చెక్క తెచ్చి మేకులు కొట్టింది అతనే. తనని చూసి ఆ చెక్కదాకా పాకి వచ్చి దానిమీద చేతులు వేసి నిలబడే పిల్లని చూడలేక, మంచాన్ని ఇంకో రెండడుగులు వెనక్కి జరుపుకున్నదీ అతనే.

క్షయ అని ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పినప్పుడు పూర్ణిమకి మూడు నెలలు నిండలేదు. కఫం పరీక్షలో ఏమీ తేలలేదు. అయినా ఫిల్ములో రెండు పక్కలా తెల్లమచ్చలున్నాయి. మనిషి చూస్తే కార్ఖానా కూలీ, ఉండేది బీర్‌గావ్. ఆ డాక్టరుకి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది. ఆరు నెలలు మాత్రలు మింగమన్నాడు. నూకరాజు ఒక్క పూట తప్పితే ఒట్టు. ఆర్నెల్లయ్యాక పిల్లని ఎత్తుకోవచ్చని గోడమీది కేలెండరులో రోజుకో గీత కొట్టుకుంటూ వచ్చాడు. పోయిన వారం గీతలు పూర్తయ్యాయి. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్తే, డాక్టరు కొత్త ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి, మచ్చలు పెరిగాయి, ఇంకో మూడు నెలలు మింగు అన్నాడు.

రెండు వారాలు మందులు పడితే ఇంక అంటుకోదని మాత్రలిచ్చే చోట చెప్పిన మాట నిజమే. కానీ దగ్గు తగ్గితే కదా నమ్మడానికి! తగ్గకపోగా పెరిగింది. దానికితోడు నెల్లాళ్లనించీ చిన్నారావు కూడా దగ్గుతున్నాడు. చిన్నారావు ఉర్లాలో నూకరాజు పనిచేసే తీగల కార్ఖానాలోనే, తీగ కడిగే తొట్ల దగ్గర అతని పక్కన నిలబడి పనిచేస్తాడు. ఉండేది కూడా అదే సందు. నూకరాజు రోగం చిన్నారావుకి అంటిందని సందంతా తేల్చేసింది. చిన్నారావు తన పిల్లలిద్దర్నీ బొబ్బిలిలో అత్తారింటికి పంపేసి, తను సందు చివరి కిరాణా కొట్టు వెనక గోనెపట్టామీద పడుకుంటున్నాడు. వాళ్లమ్మ కోటమ్మ పురిటినాటినించీ పూర్ణిమకి రోజూ నూనె రాసి, కాళ్లు చాపుకుని, కాళ్లమీద బోర్లా వేసుకుని నీళ్లు పోసేది. మూడు వారాలుగా ఆవిడ ఈ గుమ్మం ఎక్కడం లేదు. ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నూకరాజుకి నోరు రాలేదు. తన కొడుకైతే తనూ అంతే చేసేవాడు.

సోమవారం పొద్దున్న దగ్గుల ఆట మంచి రంజుమీద ఉండగా సాయిలక్ష్మి కుళాయినించి బిందెతో వచ్చింది. వాకిట్లోనే ఆగి, పిల్ల దగ్గడం రెండుసార్లు విన్నది. బిందె దించడం కూడా మర్చిపోయింది.

"గుంట దగ్గతంది మావా" అంది.

ఆట అని చెప్పబోయాడు నూకరాజు. చెప్పబోయి ఆగాడు. ఆటేనా? ఒట్టు వేసి చెప్పగలడా? నవ్వుతూ దగ్గినంతమాత్రాన లోపల ఏముందో ఎవరికి తెలుసు? ఆ అనుమానం పుట్టేసరికి, రాబోతున్న దగ్గుని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి ఆపుకున్నాడు. సాయిలక్ష్మి ఇంక అతన్ని అడగలేదు. పార్వతీపురంలో ఉన్న అన్న మురళీమోహన్‌కి ఫోన్ చేసి, వచ్చి తననీ పిల్లనీ తీసుకుపొమ్మంది. శనివారం బండికి టికెట్లు తీసుకుని శుక్రవారానికల్లా దిగుతానన్నాడు అన్న. ఈలోపల పిల్లని పెద్దాసుపత్రిలో చూపించాలనుకున్నారు.

*

మంగళవారం ఆ ముగ్గురూ రెండు ఆటోల్లో వెళ్లారు. ముందు దాంట్లో తల్లీ పిల్లా, వెనక దాంట్లో తండ్రి. ఆసుపత్రిలో ఛాతీ రోగుల వరసలో సాయిలక్ష్మి కూర్చుంటే నూకరాజు వరండా చివర స్తంభం వెనక, ముక్కూ నోరూ కలిపి తువ్వాలు, అక్కడి మాటలో గమ్ఛా, చుట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడనడం పేరుకే. మెట్లెక్కి వచ్చినందుకే ఆయాసంతో స్తంభాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు.

లోపల డాక్టరు ప్రియదర్శిని పిల్ల వీపుమీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. పక్కన నర్సు రేచల్ పిల్లని పట్టుకుంది. రేచల్ కాకినాడనించి వచ్చిన రైల్వే గార్డు కూతురు. ముప్పయ్యేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా తెలుగు వినపడితే చెవి అటే పోతుంది. డాక్టరు హిందీలో అడిగినవి తెలుగులో అడుగుతూ, సాయిలక్ష్మి చెప్పినవి హిందీలో చెబుతూ ఉండగా బయటినుంచి నూకరాజు దగ్గు వినిపించింది. వెంటనే పూర్ణిమ బుగ్గలు బిగించి దగ్గి, తలుపు వైపు చూసి నవ్వింది.

రేచల్ కాసేపు ఆగమంది. మళ్లీ బయట దగ్గు, లోపల దగ్గు, లోపల నవ్వు.

"పిల్ల దగ్గట్లేదమ్మా. ఎవర్నో వెక్కిరిస్తోంది" అంది రేచల్. "ఎవరా మనిషి?"

పిల్ల ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయంది డాక్టరు. బరువు బాగుంది, జ్వరం లేదు, అయినా ఒక పరీక్ష రాసింది. సాయిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రేచల్ బయటికి వెళ్లి నూకరాజుని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. అతను గుమ్మంలోనే ఆగి, పిల్లని బయటికి తీసుకుపోతేగాని లోపలికి రానన్నాడు. తీసుకువెళ్లాక వచ్చి కూర్చుంటే ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి వేలికి తగిలించిన యంత్రం ఎనభై ఆరు చూపించింది. ఆరోగ్యంగా ఉన్నవాడికి తొంభై అయిదుకి తగ్గకూడదు. ఆరు నెలలు మందులు వాడిన మనిషి ఇలా ఉండడమేమిటని డాక్టరు పాత కాయితాలన్నీ తిరగేసింది. రెండుసార్లు చేసిన కఫం పరీక్షల్లోనూ సూక్ష్మజీవి లేదు. ఆ కాయితాలమీద పని అనే చోట కంపెనీ అని రాసి ఉంది. అంతకుమించి అతన్ని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. నూకరాజుని ఆ పూటే చేర్చుకుని ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు.

సాయిలక్ష్మి పిల్లతో ఆటో ఎక్కుతుంటే కిటికీలోంచి చూశాడు. తల్లి భుజంమీంచి పిల్ల వెనక్కి చూస్తోంది గాని తండ్రి ఏ కిటికీలో ఉన్నాడో దానికేం తెలుసు? శనివారం వాళ్లు వెళ్లిపోతారు. పార్వతీపురం వెళ్లిన పిల్ల తిరిగి వచ్చేటప్పటికి నడుస్తుందేమో, మాటలు కూడా వస్తాయేమో. అప్పటికి తను ఉంటే ఎవరని చెబుతారో. ఆ మాట తలుచుకోగానే నూకరాజుకి ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఊపిరి అందదని ఆపుకున్నాడు.

*

బుధవారం డాక్టరు మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఉక్కు కార్ఖానా ఊరు భిలాయిలో పుట్టిన ఒరియా అమ్మాయి. కార్ఖానా మనుషులంటే ఏమిటో తెలిసినది. ముందు నోరు తెరవమని టార్చి వేసి చూసింది. ముందరి పళ్ల అంచులు పలచబడి, ఆకురాయితో రాసినట్టు అరిగి ఉన్నాయి. ఇలా ఎందుకయ్యాయని అడిగితే, ఖైనీ అలవాటు, దానివల్లే కాబోలనుకున్నానన్నాడు. ఖైనీకి పళ్లు గారపడతాయిగాని ఇలా కరగవు అని రేచల్ చేత చెప్పించింది. తరవాత, గేటులో అడుగు పెట్టిందగ్గర్నించి గేటు దాటేదాకా ఏం చేస్తావో చేతులతో చేసి చూపించమంది.

నూకరాజుకి హిందీ బాగానే వచ్చు. అయినా రేచల్ తెలుగులో చెప్పమనేసరికి మాట సాఫీగా వచ్చింది. చేసే పని గురించి అడిగిన మొదటి మనిషి ఈ డాక్టరమ్మ. పదేళ్లుగా చేస్తున్న పని. అందులో అతనికి కొంచెం గర్వం కూడా లేకపోలేదు. ముక్కుకి గొట్టం ఉండగానే లేచి కూర్చుని మొదలుపెట్టాడు. తుప్పుపట్టిన తీగచుట్టని కొక్కేనికి తగిలించి, గొలుసు లాగి, మొదటి తొట్టిలో దింపుతాడు. అది తేజాబు తొట్టి, యాసిడ్. రెండువందలు లెక్కపెట్టేసరికి తుప్పు పొంగులా పైకి తేలుతుంది. ఎక్కువసేపు ఉంచితే తీగనే తినేస్తుంది. పైకి లాగి, చుక్కలు కారనిచ్చి, రెండో తొట్టిలో ముంచుతాడు. అది కడుగుడు నీళ్ల తొట్టి. మూడోది నౌసాదర్, అంటే నవాసారం, కలిపిన తొట్టి. అక్కణ్ణించి పూతకోసం కరిగిన జింకులోకి పోతుంది. నౌసాదర్ తడి జింకుకి తగలగానే బుస్సుమని తెల్లపొగ లేస్తుంది. ఒక్కోసారి పక్కనున్న మనిషి కనపడడు. మాస్కులు లేవా అంటే, ఉన్నాయి, స్టోరులో ఉన్నాయి, తనిఖీవాళ్లు వచ్చిన రోజున తగిలిస్తారు అన్నాడు.

అలా చెబుతూ చెబుతూ, చేతులు వాటంతటవే పనిలో పడిపోయి, మెళ్లో ఉన్న గమ్ఛా తీసి, గాలిలోనే ముంచి, పిండి, ముక్కుకి అడ్డంగా చుట్టుకుని వెనక ముడి వేశాడు.

డాక్టరు చెయ్యెత్తి ఆగమంది. ఆ ముంచింది ఎందులో అని అడిగింది.

"రెండో దాన్లో" అన్నాడు నూకరాజు. "పొడిగుడ్డ పొగ ఆపదు గదమ్మా. తడిపి కట్టాల."

కుళాయి లేదా అని అడిగింది. ఉంది, గేటు దగ్గర. వెళ్లి వచ్చేసరికి చుట్ట తేజాబులో మాడిపోతుంది, సూపర్‌వైజరు తల్లినీ చెల్లినీ తిడతాడు. రెండో తొట్టి చేతికందే దూరంలో ఉంది, అవీ నీళ్లే కదా. ఆ నీళ్లు ఎన్నాళ్లకి మారుస్తారని అడిగితే వారానికోసారి అన్నాడు. వారం చివరికి ఏ రంగులో ఉంటాయంటే, డికాక్షన్ రంగు అన్నాడు. పొరపాటు ఎక్కడుందో అతనికి ఇంకా అర్థం కాలేదు. ఇద్దరు ఆడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం చూసి, అదేదో మంచిది కాదని మాత్రం తెలిసింది.

రేచల్ ఆ గమ్ఛాని అడిగి తీసుకుంది. ఒకప్పుడు ఎర్రగళ్లది. ఇప్పుడు అంతా తుప్పురంగు, అంచులు చివికి పీలికలయ్యాయి. ఎప్పుడు ఉతికారని అడిగింది. ఉతకలేదు. క్షయ గుడ్డ సాయిలక్ష్మి ముట్టుకోకూడదని, మిగతా బట్టల్లో కలవకూడదని, ఆరు నెలలుగా తీగమీద ఎండబెట్టుకుని అదే కట్టుకుంటున్నాడు. కార్ఖానాలో పొగకోసం కట్టుకుంటాడు, ఇంటి దగ్గర తన దగ్గు పిల్లమీద పడకుండా కట్టుకుంటాడు. రేచల్ దాని అంచుమీద గ్లాసులోంచి నాలుగు నీటిచుక్కలు పోసి, మూత్రపరీక్షకి వాడే పట్టీ ఒకటి తెచ్చి అద్దింది. పట్టీమీది చిన్న గడి చూస్తుండగానే రంగు మారింది. సీసామీది రంగులతో పోల్చి చూస్తే, ఆమ్లం వైపు చిట్టచివరి గడి అది. డాక్టరు ఏమీ అనకుండా గమ్ఛాని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టమంది.

ఆ రోజూ మర్నాడూ పరీక్షలే. గుహలాంటి యంత్రంలో పడుకోబెట్టి ఊపిరి బిగబట్టమన్నారు. గొట్టంలోకి ఊదమంటే సగంలోనే దగ్గు తన్నుకొచ్చింది. గొంతు మొద్దుబారే మందు కొట్టి, సన్నటి గొట్టం ఊపిరితిత్తుల దాకా దింపి, కడిగిన నీళ్లు పట్టుకున్నారు. అన్నిటికీ నూకరాజు కిక్కురుమనకుండా లోబడ్డాడు. శనివారంలోగా తేలుతుందా అని మాత్రం కనపడిన ప్రతివాళ్లనీ అడిగాడు.

*

తేలింది. శుక్రవారం మధ్యాహ్నం డాక్టరు వచ్చి కూర్చుని, రేచల్‌ని కూడా కూర్చోమంది.

క్షయ లేదు. కడిగిన నీళ్లలో వెతికినా సూక్ష్మజీవి లేదు, పిల్లకి చేసిన పరీక్షలోనూ ఏమీ లేదు. వేడి ఆవిరి తగిలితే వేలు వాచి బొబ్బ లేస్తుంది కదా, అలాగే యాసిడ్ ఆవిరీ నౌసాదర్ పొగా పీల్చి పీల్చి ఊపిరితిత్తులు లోపల వాచాయి. చుట్టలతోపాటు వచ్చిన యాసిడ్ వారమంతా రెండో తొట్టి నీళ్లలో చేరుతుంది, ఆ నీళ్లలో ముంచి కట్టిన గమ్ఛా దాన్ని తిన్నగా ముక్కుకే పట్టించింది. ఎక్స్‌రేలో మచ్చలు అవే. మందులు మొదలెట్టాక మొదటి పదిహేను రోజులు పనిలోకి పోలేదని, అప్పుడు దగ్గు కొంచెం సర్దుకుందని అతనే చెప్పాడు. అది మాత్రల గొప్ప కాదు, పొగకి దూరంగా ఉండడంవల్ల. ఈ క్షణంనుంచి క్షయ మాత్రలు ఆపెయ్యాలి. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ మాత్రలు, పీల్చే మందు. స్టెరాయిడ్లు కొన్ని నెలలు వాడి, తాము చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి, చటుక్కున మానకూడదు. వాచిన మేరకి తగ్గుతుంది, గట్టిపడి మచ్చకట్టిన మేర అలాగే ఉండిపోతుంది, ఎంతన్నది ఇప్పుడే చెప్పలేం. తొట్ల దగ్గరికి మాత్రం జన్మలో వెళ్లకూడదు.

రేచల్ ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతూ వచ్చింది. నూకరాజు అంతా విని ఒకటే అడిగాడు.

"గుంటని ఎత్తుకోవచ్చా?"

రేచల్ ఆ మాట డాక్టరుకి చెప్పింది. ప్రియదర్శిని కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుంది. హిందీలోనే చెప్పింది, అతనికి తిన్నగా.

"ఎత్తుకోవచ్చు. మొదటిరోజునించీ ఎత్తుకోవచ్చు."

సంతోషం కలగాల్సిన చోట నూకరాజుకి ఒళ్లు మండిపోయేంత కోపం వచ్చింది. కేలెండరుమీద గీతలు, గుమ్మానికి చెక్క, వెనక్కి జరిపిన మంచం, అన్నీ ఉత్తినే. పిల్ల బోర్లా పడింది, పాకింది, పళ్లు వచ్చాయి. అన్నీ ఎనిమిదడుగుల అవతలనించి చూశాడు. ఆ ఆరు నెలలూ ఇప్పుడు ఎవరు తెచ్చిస్తారు? అయినా కాసేపటికి కోపం జారిపోయి, రేపు పిల్ల ఒళ్లో ఉంటుందన్న ఒక్క మాటే మిగిలింది. సాయిలక్ష్మికి రేచల్ ఫోన్ చేసింది. ఆమె అదే మాట రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది. చివరికి, రేపు పొద్దున్నే వస్తానంది.

మనసు తేలికపడి పడుకున్నవాడు ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు. చిన్నారావు గుర్తొచ్చాడు.

చిన్నారావు తొట్ల దగ్గరికి కొత్తగా వచ్చినప్పుడు పొడి తువ్వాలు కట్టుకునేవాడు. అలా కాదని, తన చేత్తో ఆ తువ్వాలుని రెండో తొట్టిలో ముంచి, పిండి, వాడి మొహానికి కట్టి, తల వెనక ముడి వేసి నేర్పింది నూకరాజే. అంటురోగం కాదంటే సందు తన్ని వదిలేస్తుంది, కోటమ్మ వదిలేస్తుంది. తువ్వాలు సంగతి తెలిసింది తనకీ చిన్నారావుకీ. దాంట్లో తప్పుందన్నది సందు మొత్తంలో తనకొక్కడికే తెలుసు. ఊరుకుంటే ఊరికే పోతుంది. చిన్నారావుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కోటమ్మకి చేశాడు. వాడికి క్షయ మాత్రలు పట్టించొద్దని, రేపు పొద్దున్న వాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకురమ్మని, పిల్లల మీద ఒట్టని చెప్పి, ఆవిడ ఏమంటుందో వినకుండానే పెట్టేశాడు.

*

శనివారం పొద్దున్న కోటమ్మ ముందూ చిన్నారావు వెనకా వచ్చారు. చిన్నారావు నూకరాజు ఈడువాడే, ఆ నెల్లాళ్లలో చిక్కిపోయి చొక్కా భుజాలమీంచి జారుతోంది. ఇద్దరూ మంచానికి దూరంగా నిలబడ్డారు. నూకరాజు ముందు డాక్టరు చెప్పిన మాట చెప్పాడు. తనది అంటుకునే జబ్బు కాదని, చిన్నారావుకి తన దగ్గువల్ల రాలేదని.

కోటమ్మ విని, దగ్గరికొచ్చి, మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. సందులో తను అన్న మాటలు, పసిదానికి నీళ్లు పోయడం మానెయ్యడం, అన్నీ ఒకటొకటిగా చెప్పుకుని, పాపం చేశానంది. అతని చెయ్యి తీసుకుని కళ్లకి అద్దుకోబోయింది. నూకరాజు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అంతటితో ఆగిపోతే ఎంత బాగుండును!

"అంటించింది నానే అత్తా" అన్నాడు. "దగ్గుతో కాదు, ఈ సేత్తో. ఆ రెండో తొట్టి నీళ్లలో గుడ్డ ముంచి ఆడి మూతికి కట్టినాను. ఆ నీళ్లలో తేజాబుంది. రోజంతా ఆడు పీల్చింది అదే."

కోటమ్మ కొడుకు వంక చూసింది. అవునన్నట్టు తలూపాడు వాడు. ఆవిడ కింద చతికిలబడింది. తిట్టినా బాగుండునని నూకరాజు అనుకున్నాడు.

ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది. "నీకెవులు నేర్పినారు?"

"తాతయ్య."

అందరూ తాతయ్య అని పిలిచే ఆ మనిషి సాలూరువాడు. నూకరాజు పనిలో చేరిన కొత్తలో తొట్ల దగ్గర పెద్ద. క్షయ వచ్చిందని ఊరెళ్లిపోయి, ఆ ఏడే పోయాడు. చెరువుగట్టు మీది ఇళ్ల వరసలో ఆయన ఇంటి సామాను బండికెక్కించినప్పుడు కోటమ్మ కూడా సాయం పట్టింది. అది గుర్తొచ్చి కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు నేర్పకపోయినా నాను ఆ నీళ్లే వాడుదును. కుళాయి అంత దూరమాయె" అన్నాడు చిన్నారావు. అతను నూకరాజుతో మాట్లాడి మూడు వారాలయింది. ఆ మాట అని, దగ్గి, ఇప్పుడు తొట్ల దగ్గర ఉన్న నలుగురూ అలాగే కట్టుకుంటున్నారని చెప్పాడు.

కోటమ్మ లేచింది. నూకరాజుని క్షమించానని అనలేదు, క్షమించలేదనీ అనలేదు. కొడుకు భుజం పట్టి అతని మంచంమీదే, అతని కాళ్ల దగ్గర కూర్చోబెట్టింది. "సిస్టరమ్మ పిలిసేదాకా ఇక్కడే కూకో" అంది. రేచల్ వచ్చి చిన్నారావు వేలికి యంత్రం తగిలించి చూసి, వరసలో వెనక నిలబెట్టకుండా డాక్టరు గదికి పంపే ఏర్పాటు చేసింది. మిగతా నలుగురి పేర్లు కూడా చిన్నారావుని అడిగి కాయితంమీద రాసుకుంది. అందరికీ ఒకే రోజు పరీక్షలు చేసి, కారణం పనేనని కేసుషీట్లో రాస్తానని డాక్టరు అన్నదట.

ఆ సరికి గుమ్మంలో సాయిలక్ష్మి కనిపించింది. చంకలో పూర్ణిమ. వెనక మురళీమోహన్, అతని చేతిలో ఒక్క సంచే ఉంది. ఆ సాయంత్రం బండికి అన్నని ఒక్కణ్ణీ వెళ్లమని సాయిలక్ష్మి ఇంటి దగ్గరే చెప్పేసింది. వచ్చేముందు గుమ్మానికి కొట్టిన చెక్కని ఆవిడే పీకేసిందని, మేకు గీరుకున్న చెల్లెలి అరచెయ్యి చూపిస్తూ మురళీమోహన్ తరవాత చెప్పాడు. కానీ వార్డు గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె కాళ్లు ఆగిపోయాయి. ఆరు నెలల అలవాటు. మంచానికి ఎనిమిదడుగుల దూరంలో నిలబడిపోయింది. నూకరాజు కూడా అలవాటుగా మొహం పక్కకి తిప్పుకున్నాడు. మధ్యలో ఏ అడ్డమూ లేని నేల. ఇద్దరిలో ఎవరూ దాటలేదు.

"ఏటలాగ బిగిసిపోనావు? పట్టికెల్లి ఇయ్యే" అంది కోటమ్మ.

సాయిలక్ష్మి నడిచి వచ్చింది. నూకరాజు ముక్కు దగ్గర గొట్టం సర్దుకుని, దిండుకి జేరబడి, రెండు చేతులూ దుప్పటికి తుడుచుకున్నాడు. రాత్రంతా మనసులో ఎన్నిసార్లు ఎత్తుకున్నాడో ఆ పిల్లని! ఎడమ అరచెయ్యి దోసిలిలా గుంట చేసి, తల వాలిపోకుండా మెడ కింద పట్టడానికి ఎత్తి పెట్టాడు. కుడిచెయ్యి దాని కింద, ఒళ్లంతా పట్టేలా పడకలా చాపాడు. చేతులు చాపి ఎదురుచూశాడు. పూర్ణిమ తల్లి చంకలో నిటారుగా కూర్చుని, ఆ చేతుల్ని వింతగా చూసింది.

సాయిలక్ష్మి కూడా ఆ చేతులనే చూసింది. కళ్లలో నీళ్లు నిండాయి.

"మెడ నిలబడి అయిదు నెల్లయింది మావా" అంది.

అతను ఆ చేతులు అలాగే పెట్టుకుని, ఇప్పుడు ఎలా పట్టుకోవాలో తెలియక ఆమె మొహంలోకి చూశాడు. సాయిలక్ష్మి మంచంమీద కూర్చుని, అతని చేతులు రెండూ ఒకటొకటిగా తీసి, పిల్ల చంకల కింద పెట్టింది.